చెరువు గట్టు కెమెరాలూ, ఇంట్లో ల్యాగూ: ఉండి దగ్గర ఒక ఇంటి కేస్ స్టడీ

భీమవరం చుట్టుపక్కల ఇళ్లకు, చిన్న ఆఫీసులకు నెట్‌వర్క్ పనులు చేస్తుంటాను. నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువగా వినపడే మాట ఒకటే: "స్పీడ్ టెస్ట్‌లో బాగానే చూపిస్తోందండి, పని మాత్రం జరగట్లేదు." ఈ కేసూ అలాగే మొదలైంది. కాకపోతే ల్యాగ్‌కి, అంటే నొక్కిన పని ఆలస్యంగా జరగడానికి, ఎన్ని కారణాలు ఉండొచ్చో దాదాపు అన్నీ ఈ ఒక్క ఇంట్లోనే దొరికాయి, ఒకదాన్ని తీస్తే దాని వెనక ఇంకోటి బయటపడింది, అందుకే మొదటి నుంచీ చివరి దాకా రాస్తున్నాను. ప్లాన్ పెంచితే ల్యాగ్ పోతుందని డబ్బులు కడుతున్నవాళ్లు కనీసం ఒక్కసారి ఇది చదివి, ఆ తర్వాత కట్టండి.

ఇల్లు, లైను

ఉండి దగ్గర ఊరు, రెండంతస్తుల డాబా. పెద్దాయన వెనామీ రొయ్య పెంచుతారు, చెరువులు ఇంటి వెనకే. అమ్మాయి హైదరాబాద్ కంపెనీకి ఇంటి నుంచే పనిచేస్తుంది, క్లయింట్ అమెరికా కాబట్టి మీటింగులన్నీ సాయంత్రం ఆరు దాటాకే. చిన్నబ్బాయి ఇంజనీరింగ్, రాత్రి పూట కంప్యూటర్‌లో వాలరెంట్ ఆడతాడు. పెద్దబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు, అతనికి తెల్లవారేసరికి మనకి రాత్రి భోజనాల వేళ, అమ్మగారు రోజూ అప్పుడే వీడియో కాల్ చేస్తారు. అంటే అందరికీ నెట్ కావలసింది ఒకే సమయంలో, రాత్రి ఏడు నుంచి పదకొండు మధ్య. గోల వచ్చేది కూడా సరిగ్గా అప్పుడే.

లైను స్థానిక కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన ఫైబర్. హాల్లో టీవీ పక్కన వాళ్ల ఓఎన్‌టీ బాక్స్ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె), దాని వెనక ఇంట్లోవాళ్లు కొన్న రౌటర్. మొదట 50 ఎంబీ (సెకనుకి 50 మెగాబిట్లు) ప్లాన్ ఉండేది, ల్యాగ్ వస్తోందని 100కి మార్చారు. తగ్గలేదు. అబ్బాయి పట్టుబట్టి గేమింగ్ రౌటర్ అని డబ్బాకి ఆరు యాంటెన్నాలున్నది కొనిపించాడు. తగ్గలేదు. ఆ రౌటర్లో క్యూఓఎస్ అని, ఎవరి ట్రాఫిక్ ముందు పోవాలో చెప్పే ఒక పేజీ ఉంటే అందులో తన కంప్యూటర్‌కి మొదటి ప్రాధాన్యం ఇచ్చుకున్నాడు, దాంతోనూ ఏమీ మారలేదు, పైగా ఆ సంగతి తెలిసి అక్కకీ తమ్ముడికీ గొడవ. ఆపరేటర్ దగ్గర పనిచేసే కుర్రాడిని అడిగితే "రాత్రి పూట అందరూ వాడతారు కదండీ, అంతే" అని చెప్పి వెళ్లాడట. ఆ మాట కొన్ని ఊళ్లలో నిజం కూడా, కాబట్టి దాన్ని కొట్టిపారేయకుండా కొలిచి చూడాలి.

ఎక్కడ ఆగుతోంది

ల్యాగ్ కేసులో నేను ముందు వైఫైని పక్కన పెట్టేస్తాను. ల్యాప్‌టాప్‌ని లాన్ వైరుతో రౌటర్‌కి కలిపి, మూడు చోట్లకి ఒకేసారి పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి, జవాబు ఎన్ని మిల్లీసెకన్లలో వస్తుందో చూడటం; ప్యాకెట్ అంటే నెట్‌లో డేటా పోయే చిన్న మూట) పెడతాను: ఇంట్లో రౌటర్‌కి ఒకటి, ఆపరేటర్ వైపు మొదటి హాప్‌కి, అంటే లైను దాటాక తగిలే మొదటి రౌటర్‌కి ఒకటి, బయట 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కి ఒకటి. మూడు కిటికీలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చుంటే ఏ మెట్టు దగ్గర అంకె ఎగురుతోందో కళ్లకి కనపడుతుంది. రౌటర్ పింగే ఎగిరితే తప్పు ఇంట్లో, మొదటి హాప్ దగ్గర నుంచి ఎగిరితే ఇంటికీ ఆపరేటర్‌కీ మధ్య, ఆ రెండూ బాగుండి బయటిది ఒక్కటే ఎగిరితే అప్పుడు ఆపరేటర్‌ని అడగాలి.

అంతకంటే ముందు ఓఎన్‌టీ పేజీలో ఆప్టికల్ పవర్ చూశాను. మన వైపు ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా, కాలువల మీదుగా వేలాడుతూ వస్తుంది, జాయింట్లో తేమ చేరినా కనెక్టర్ మురికి పట్టినా సిగ్నల్ పడిపోతుంది. ఇక్కడ మైనస్ 21 డీబీఎం (వెలుగు బలం కొలత, మైనస్ అంకె పెరిగేకొద్దీ బలహీనం) ఉంది. మామూలు జీపాన్ (ఇళ్లకి ఫైబర్ ఇచ్చే పద్ధతి) ఓఎన్‌టీలు మైనస్ 27 దాకా పట్టుకుంటాయి, కాబట్టి ఇది నిక్షేపంగా ఉంది. మధ్యాహ్నం ఏ లోడూ లేనప్పుడు బయటికి పింగ్ 22 మిల్లీసెకన్లు, ఒక్క ప్యాకెట్ కూడా పోలేదు. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 94, అప్‌లోడ్ 12. ప్లాన్ కాగితం మీద 100 అని మాత్రమే ఉంది, అప్‌లోడ్ ఎంతో ఎక్కడా రాయలేదు, ఇంట్లో ఎవరూ అడగనూ లేదు. ఆ 12 అంకె దగ్గరే నాకు సగం అనుమానం మొదలైంది.

పింగులు ఆడుతుండగా ల్యాప్‌టాప్ నుంచి ఒక పెద్ద వీడియో ఫైలు డ్రైవ్‌లోకి ఎక్కించాను. రౌటర్ పింగ్ 1 దగ్గర కదల్లేదు. మొదటి హాప్ మాత్రం 4 నుంచి ఎక్కుతూ ఎక్కుతూ 620కి పోయి అక్కడే నిలబడింది, బయటిది 640. అప్‌లోడ్ ఆపగానే రెండు సెకన్లలో మళ్లీ 22. డౌన్‌లోడ్ లోడ్ పెడితే 110 దాకా వెళ్లింది. అబ్బాయి పక్కనే నిలబడి చూస్తున్నాడు, "అన్నయ్యా, గేమ్‌లో నాకొచ్చే అంకె ఇదే" అన్నాడు. వేవ్‌ఫామ్ వాళ్ల బఫర్‌బ్లోట్ పరీక్ష (లోడ్‌లో పింగ్ ఎంత పెరుగుతుందో కొలిచే వెబ్ పేజీ) కూడా పెట్టి చూపించాను, అన్నిటికంటే కింద ఉండే ఎఫ్ గ్రేడ్ వచ్చింది.

ఈ 620కి లెక్క చాలా తేలిక, ఒకసారి చేసి చూడండి. ఒక నిండు ప్యాకెట్ 1500 బైట్లు, అంటే 12,000 బిట్లు. సెకనుకి 12 మెగాబిట్లు పోయే దారిలో అది బయటపడటానికి సరిగ్గా ఒక మిల్లీసెకను పడుతుంది. పింగ్‌కి 600 మిల్లీసెకన్లు అదనంగా పడుతోందంటే దానికి ముందు దాదాపు 600 ప్యాకెట్లు ఓఎన్‌టీలో క్యూ కట్టి కూర్చున్నాయని అర్థం. గేమ్‌లో మౌస్ నొక్కితే వెళ్లే ప్యాకెట్ వంద, రెండొందల బైట్లు ఉంటుంది, అది కూడా ఆ 600 వెనక నిలబడాల్సిందే. ఇప్పుడు ప్లాన్ 100 కాదు, 300కి పెంచండి, అప్‌లోడ్ అదే 12 ఉంటే ఆ క్యూలో ఒక్క ప్యాకెట్ తగ్గదు.

ఇంత క్యూ ఎందుకు పెడతారు

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు. 2010 ప్రాంతంలో జిమ్ గెట్టిస్ అనే ఇంజనీరు తన ఇంట్లో నెట్ ఎందుకిలా నత్తనడక నడుస్తోందని తవ్వుతూ పోయి ఈ సంగతిని అందరి ముందూ పెట్టారు. మెమరీ చవకైపోయాక తయారీదారులు ప్రతి డబ్బాలోనూ పెద్ద పెద్ద బఫర్లు (ప్యాకెట్లు వంతు కోసం ఆగే చోటు) పెట్టేశారు, ఒక్క ప్యాకెట్ కూడా పోకూడదని. కానీ టీసీపీ, అంటే నెట్‌లో డేటా పంపే వేగాన్ని చూసుకునే పద్ధతి, పనిచేసే తీరే వేరు. ప్యాకెట్ పోయిందని తెలిసేదాకా అది వేగం పెంచుకుంటూనే పోతుంది, ప్యాకెట్ పోవడమే దానికి తగ్గమని సైగ. బఫర్ ఎంత పెద్దదైతే ఆ సైగ అంత ఆలస్యంగా అందుతుంది, ఈలోగా బఫర్ నిండిపోతుంది, నిండి అలాగే ఉంటుంది.

2012లో నెట్‌వర్క్ పరిశోధకులు క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జాకబ్సన్ కోడెల్ అనే పద్ధతి చెప్పారు. క్యూ ఎంత పొడుగుందో అది చూడదు, ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూస్తుంది. ఆ నిరీక్షణ 5 మిల్లీసెకన్లు దాటి, 100 మిల్లీసెకన్ల పాటు తగ్గకుండా అలాగే ఉంటే అప్పుడు ప్యాకెట్లు వదిలేయడం మొదలుపెడుతుంది, పంపేవాడికి సైగ వెంటనే అందుతుంది. దానికి ఫ్లోలన్నిటికీ, అంటే ఒక్కో కనెక్షన్‌కీ, విడివిడి క్యూలు కలిపితే ఎఫ్‌క్యూ కోడెల్, 2018లో ఆర్‌ఎఫ్‌సీ 8290గా (ఇంటర్నెట్ పద్ధతులు రాసిపెట్టే పత్రాల్లో ఒకటి) వచ్చింది. దాని మీద షేపర్ (వేగాన్ని ఒక అంకె దగ్గర బిగించేది) కూడా కలిపి ఇళ్లకి సరిపోయేలా చేసింది కేక్, అదే ఏడాది లినక్స్ 4.19 కెర్నెల్లో చేరింది. ఈ పనంతటి వెనకా ఏళ్ల తరబడి నిలబడ్డ మనిషి డేవ్ టాట్. వీళ్లందరూ దీన్ని ఉచితంగా ఇచ్చారు, ఇళ్లలో మాత్రం ఇంకా ఆరు యాంటెన్నాల డబ్బాలు కొంటున్నారు, నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఇదే.

పెద్దాయనకి దీన్ని వాళ్ల భాషలోనే చెప్పాను. దాళ్వాకి నీళ్లు చాలనప్పుడు కాలువల మీద వంతులు పెడతారు కదండీ, వంతు లేకపోతే తూముకి దగ్గరగా ఉన్నవాడు తోడుకుంటూనే ఉంటాడు, శివారు చేను ఎండిపోతుంది, ఇక్కడ చేసేదీ అదే, వంతు పెట్టడం, అన్నాను. ఆయన వెంటనే "మరి ఎక్కువ తోడేస్తున్నవాడు ఎవరు బాబూ?" అని అడిగారు. సరైన ప్రశ్న. ఎందుకంటే నేను ఫైలు ఎక్కించినప్పుడు వచ్చిన ల్యాగ్ నా వల్ల వచ్చింది. రోజూ రాత్రి ఏడింటికి ఫైలు ఎక్కిస్తున్నది ఎవరు?

రాత్రి ఏడింటికి ఏం జరుగుతోంది

రౌటర్ గ్రాఫ్‌లో చూస్తే సాయంత్రం అప్‌లోడ్ పెద్దగా లేదు. అమ్మాయి మీటింగ్ మూడు ఎంబీ, అంతే. అయినా పింగ్ 500 చూపిస్తోంది. రౌటర్ చూడని అప్‌లోడ్ ఇంకెక్కడి నుంచో పోతోందన్నమాట. టీవీ స్టాండ్ జరిపి ఓఎన్‌టీ వెనక చూస్తే రెండో పోర్టులో ఇంకో వైరు ఉంది, కిటికీ సందులోంచి మేడ మీదకి పోయింది. మేడ మీద ఒక వైర్‌లెస్ బ్రిడ్జ్, దాని జోడీ చెరువు గట్టు మీద షెడ్డుకి. అవతల ఆరు కెమెరాలు, అన్నీ క్లౌడ్‌లోకి రికార్డు చేసేవి. కెమెరాల కుర్రాడు ఖాళీ పోర్టు కనపడితే అందులో పెట్టి వెళ్లాడు. ఆ వైరు పీకగానే పింగ్ 24కి దిగింది, పెట్టగానే నిమిషంలో మళ్లీ 500.

మరి పగలు ఎందుకు రాదు? దీనికి జవాబు గట్టు మీదకి వెళ్తే గానీ దొరకలేదు. చీకటి పడ్డాక షెడ్డు దగ్గర లైటు వేస్తారు, కెమెరాలకి సొంత లైట్లు కూడా వెలుగుతాయి, నీటి పక్కన లైటు వెలిగితే పురుగులు ఎలా కమ్ముకుంటాయో చెరువులున్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక్కో పురుగు లెన్సు ముందునుంచి పోతే కెమెరాకి అది కదలిక. కదలిక కనపడితే క్లిప్ తీసి పంపమని సెట్టింగ్. రాత్రంతా ఆరు కెమెరాలు ఆగకుండా పురుగుల వీడియోలు పంపుతూనే ఉన్నాయి. ఫోన్‌లో పాత క్లిప్పులు తెరిచి చూపిస్తే పెద్దాయన ఒకదాని తర్వాత ఒకటి చూస్తూ పోయారు, అన్నిట్లోనూ తెల్లటి గీతలు, రెక్కలు. ఒక్కో కెమెరా రెండు ఎంబీ చొప్పున వేసుకున్నా 12 ఎంబీ అక్కడే అయిపోయింది.

ఇంకో విషయం కూడా దీనితో తేలింది. సాయంత్రం స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ 40కి పడిపోతోందని, ఆపరేటర్ తగ్గించేస్తున్నాడని ఇంట్లో అందరికీ కోపం. డౌన్‌లోడ్ అయ్యే ప్రతి దానికీ మన వైపు నుంచి అందింది అని రసీదు ప్యాకెట్లు పైకి వెళ్లాలి. అవి కూడా అదే అప్‌లోడ్ క్యూలో ఇరుక్కుంటే అవతలివాడు పంపడం తగ్గించేస్తాడు. కెమెరా వైరు తీసి మళ్లీ రాత్రి కొలిస్తే డౌన్‌లోడ్ 80 పైనే వచ్చింది. ఆపరేటర్ మీద కోపంలో సగం ఆ పురుగుల వల్ల వచ్చిందే.

అబ్బాయి పెట్టుకున్న క్యూఓఎస్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇక్కడే అర్థమవుతుంది. మొదటిది, కెమెరాలు ఆ రౌటర్ గుండా పోవట్లేదు. రెండోది ఇంకా ముఖ్యం: ఆ పేజీలో బ్యాండ్‌విడ్త్ అన్నచోట ముందే ఉన్న 1000 అలాగే వదిలేశాడు. రౌటర్‌కి తన ముందు 1000 ఎంబీ దారి ఉందనే నమ్మకం, కాబట్టి దానిలో ఎప్పుడూ క్యూ కట్టదు, క్యూ లేనిచోట ఎవరికి ప్రాధాన్యం ఇస్తే ఏం లాభం? క్యూ కడుతున్నది ఓఎన్‌టీలో, అక్కడ మన మాట చెల్లదు. ట్రాఫిక్ షేపింగ్‌లో కిటుకంతా ఇదే. మన రౌటర్‌ని అసలు లైను కంటే కొంచెం తక్కువ వేగానికి మనమే బిగిస్తాం, దాంతో క్యూ ఓఎన్‌టీ వదిలి మన రౌటర్లోకి వచ్చేస్తుంది, అక్కడ కేక్ ఉంటుంది, వంతు పెడుతుంది.

ఏం చేశాం

గేమింగ్ రౌటర్‌లో కేక్ లేదు, దానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ (రౌటర్లకి ఉచిత సాఫ్ట్‌వేర్) కూడా ఎక్కదు. దాన్ని పారేయక్కర్లేదు, యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టి వైఫైకి మాత్రమే వాడుకున్నాం. మధ్యలో షేపింగ్‌కి మీడియాటెక్ 7621 చిప్ ఉన్న ఒక పాత రౌటర్ తెచ్చి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఎక్కించాను. రెండు కోర్లు, 880 మెగాహెర్ట్జ్, 100 ఎంబీ లైనుకి దీని ప్రాసెసర్ సరిపోతుంది. షేపింగ్ అంతా ప్రాసెసర్ మీదే పడుతుంది, సింగిల్ కోర్ చవక రౌటర్లయితే ఈ వేగంలోనే చేతులెత్తేస్తాయి, గిగాబిట్ ప్లాన్ అయితే ఇంకా బలమైన పెట్టె కావాలి. కొనేముందు ఆ లెక్క చూసుకోండి.

ఓఎన్‌టీని బ్రిడ్జ్ మోడ్‌లో (రౌటర్ పని మానేసి లైను మాత్రం అందించేలా) పెట్టమని అడిగితే ఆపరేటర్ ఒప్పుకోలేదు. దాని గురించి పంతానికి పోనవసరం లేదు, డబుల్ న్యాట్ (రెండు పెట్టెలు రెండుసార్లు అడ్రస్ మార్చడం) ఉన్నా షేపింగ్‌కి ఇబ్బంది లేదు. ఉండాల్సింది ఒక్కటే షరతు: ఓఎన్‌టీలో ఒకే ఒక్క వైరు ఉండాలి, అది మన షేపర్‌కి పోవాలి. ఓఎన్‌టీ సొంత వైఫై ఆపేశాం, కెమెరాల వైరు తీసి షేపర్ లాన్ పోర్టులో పెట్టాం. ఇంట్లో ఒక్క టీవీ పాత వైఫైకి అతుక్కుని ఉన్నా వంతుల లెక్క అంతా పోతుంది.

తర్వాత ఎస్‌క్యూఎం (ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో కేక్‌ని నడిపేది) ప్యాకేజీ ఎక్కించి, ముందుగా ఫైర్‌వాల్ పేజీలో ఫ్లో ఆఫ్‌లోడింగ్ ఆఫ్ చేశాను. అది ఆన్‌లో ఉంటే ప్యాకెట్లు కేక్‌ని తప్పించుకుని అడ్డదారిన పోతాయి, అన్నీ సరిగ్గా పెట్టాం అయినా ఫలితం లేదు అనేవాళ్లలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు. ఇంటర్‌ఫేస్ వాన్ (బయటి లైను వైపు పోర్టు), క్యూ పద్ధతి కేక్. లింక్ లేయర్ దగ్గర ఈథర్నెట్ ఓవర్‌హెడ్ 44 బైట్లు ఇచ్చాను. ప్రతి ప్యాకెట్ మీదా కనపడని తొడుగు కొంత ఉంటుంది. పెద్ద ప్యాకెట్లకి అది లెక్కలోకి రాదు, కానీ వాయిస్, గేమ్ ప్యాకెట్లు చిన్నవి, వాటికి అది పెద్ద వాటానే. ఓవర్‌హెడ్ కొంచెం ఎక్కువ ఇచ్చినా నష్టం స్వల్పం, తక్కువ ఇస్తే మాత్రం రద్దీలో క్యూ మళ్లీ ఓఎన్‌టీలోకి జారిపోతుంది.

వేగం అంకెలు ఎంత పెట్టాలన్నది కొలిచి తేల్చాల్సిందే, ఎవరో చెప్పినవి పెట్టకూడదు. కొలవాల్సింది కూడా రాత్రి ఎనిమిదింటికి, మధ్యాహ్నం కాదు. అప్‌లోడ్‌ని 10,500 కిలోబిట్ల దగ్గర మొదలుపెట్టాను, లోడ్‌లో పింగ్ 26. అక్కడి నుంచి కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతే 11,500 దగ్గర అప్పుడప్పుడు 70, 80కి ఎగరడం మొదలైంది, వెనక్కి తగ్గి 11,000 దగ్గర ఆపాను. డౌన్‌లోడ్‌కి ఇంకా ఎక్కువ జాగా వదలాలి, ఎందుకంటే ఆ ప్యాకెట్లు లైను దాటి వచ్చేశాకే మనం వాటిని పట్టుకోగలం, ఇక్కడ ఆపి అవతలివాడిని తగ్గించుకునేలా చేయడమే మన చేతిలో ఉన్నది. రద్దీలో లైను ఒక్కోసారి 80కి దిగుతోంది కాబట్టి 75,000 పెట్టాను.

ఇక్కడ అబ్బాయి ఒప్పుకోలేదు. "100కి కట్టి 75 వాడుకోవడమేంటన్నయ్యా?" మామూలుగా అందరూ అడిగేదే. ఎస్‌క్యూఎం ఆపి 94లో ఒక ఆట ఆడమన్నాను, పక్క గదిలో సినిమా డౌన్‌లోడ్ పెట్టి. తర్వాత ఆన్ చేసి 75లో ఆడమన్నాను. తర్వాత మళ్లీ ఆ ప్రశ్న రాలేదు. ఇంట్లో ఎంతమంది సినిమాలు చూసినా 75 చాలా ఎక్కువ, వాళ్లకి ఎప్పుడూ లోటైంది వేగం కాదు.

ఆరు కెమెరాల వాటా

వంతు ఎవరెవరి మధ్య అన్నది రెండో ప్రశ్న. ఎఫ్‌క్యూ కోడెల్ ఫ్లోకి ఒక వంతు ఇస్తుంది, అంటే నలభై కనెక్షన్లు తెరిచినవాడికి నలభై వంతులు. కేక్‌కి మనిషిని, అంటే పరికరాన్ని బట్టి పంచమని చెప్పొచ్చు: అప్‌లోడ్ వైపు డ్యూయల్ ఎస్ఆర్‌సీ హోస్ట్, డౌన్‌లోడ్ వైపు డ్యూయల్ డీఎస్‌టీ హోస్ట్, రెండింటికీ న్యాట్ అనే మాట తప్పకుండా కలపాలి, లేకపోతే ఇంటిల్లిపాదీ దానికి ఒకే అడ్రస్‌లా కనపడతారు. చాలా ఇళ్లకి ఇంతటితో పని అయిపోతుంది. ఈ ఇంట్లో అవ్వలేదు. ఆరు కెమెరాలు అంటే ఆరు పరికరాలు, ఆరు వంతులు! ల్యాప్‌టాప్, ఒక ఫోను కలిపితే ఎనిమిది, 11 ఎంబీని ఎనిమిదికి పంచితే మీటింగ్‌కి ఒకటిన్నర కూడా రాదు. ల్యాగ్ పోయింది గానీ అమ్మాయి వీడియో మసకబారింది.

కాబట్టి కెమెరాలన్నిటికీ స్థిరమైన ఐపీలు ఇచ్చి, వాటి నుంచి బయటికి పోయే ట్రాఫిక్‌కి సీఎస్1 అనే డీఎస్‌సీపీ గుర్తు (ప్యాకెట్ మీద వేసే ప్రాధాన్యం ముద్ర) వేసేలా ఫైర్‌వాల్ ట్రాఫిక్ రూల్ రాశాను, ఎస్‌క్యూఎం స్క్రిప్ట్‌ని, అందరికీ ఒకే వరస ఉండే పీస్ ఆఫ్ కేక్ నుంచి లేయర్ కేక్‌కి మార్చాను. లేయర్ కేక్ ఆ గుర్తున్న వాటిని బల్క్ అనే వేరే వరసలో వేస్తుంది. లైను ఖాళీగా ఉంటే బల్క్ మొత్తం వాడుకోవచ్చు, వేరేవాళ్లకి అవసరం పడితే పదహారో వంతుకి తగ్గుతుంది. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక కెమెరాలకి మొత్తం దారి వాటిదే.

ఇది చెప్పగానే పెద్దాయన ముఖం మారింది. "అయ్ బాబూ, కెమెరా ఆగిపోతే కుదరదండి." ఆయన భయం సరైనదే. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ అట్టడుగుకి పడిపోతుంది, ఆ సమయంలో ఏరియేటర్ (నీటిలో గాలి కలిపే యంత్రం) ఆగితే రొయ్య తేలిపోతుంది, పంట మొత్తం గంటల్లో పోతుంది. ఆయన ఫోన్‌లో చూసేది సరదాకి కాదు. అప్పుడు ఆరింటిలో ఏది ముఖ్యమని అడిగితే ఏరియేటర్ల స్టార్టర్ బోర్డు వైపు ఉన్నది ఒకటి చూపించారు, మిగతావి గట్టు దొంగల కోసం. ఆ ఒక్క కెమెరాని రూల్ నుంచి తీసేశాను, అది మీటింగ్‌తో సమానంగా మామూలు వరసలోనే పోతుంది. ఏది ముఖ్యమో రౌటర్‌కి తెలియదు, ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టి అడగాల్సిందే. అడగకుండా కెమెరాలన్నిటినీ బల్క్‌లో పడేసి వచ్చేవాళ్లని చూశాను, నాకది నచ్చదు.

కెమెరాల యాప్‌లో కదలిక చూసే ప్రాంతాన్ని లైటు పడే చోటు వదిలేసి గట్టు దారికే గీశాం, మనిషి కనపడితేనే క్లిప్ తీయమనే సెట్టింగ్ ఉన్నవాటికి అది పెట్టాం. షెడ్డు లైటు కెమెరాకి దూరంగా జరిపించారు. దీంతోనే రాత్రి అప్‌లోడ్ బాగా పడిపోయింది. మరి ఇది ఒక్కటే చేస్తే చాలదా అంటే, చాలదు. పెళ్లికి వెళ్లొచ్చిన రోజు అమ్మగారి ఫోను ఫోటోలన్నీ బ్యాకప్ చేస్తుంది, అప్పుడు మళ్లీ అదే 600.

ఫలితం, మిగిలినవి

రాత్రి తొమ్మిదింటికి, అందరూ వాడుతుండగా, పైన అప్‌లోడ్ కూడా పెట్టి కొలిస్తే పింగ్ 27. డౌన్‌లోడ్ లోడ్‌లో 31. వేవ్‌ఫామ్ పరీక్షలో ఏ గ్రేడ్. మాటకి ఒక వైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫార్సు చెబుతుంది, మునుపు ఇంటి గుమ్మం దగ్గరే దానికి నాలుగు రెట్లు అయిపోయేది.

అమ్మగారు డల్లాస్ కాల్ ఇంకా కొంచెం ఆలస్యంగానే వస్తోందన్నారు. అది ఏ సెట్టింగుతోనూ పోదు. ఫైబర్‌లో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది, డల్లాస్ ఇక్కడి నుంచి సుమారు 14 వేల కిలోమీటర్లు, గీత గీసినట్టు వెళ్లొచ్చినా 140 మిల్లీసెకన్లు, సముద్రాల కేబుళ్లు చుట్టూ తిరిగి పోతాయి కాబట్టి ఇంకా ఎక్కువ. షేపింగ్ క్యూని తీస్తుంది, దూరాన్ని తీయలేదు. బొమ్మ ఆగిపోవడం, మాట తెగిపోవడం మాత్రం పోయాయి.

పై గది సంగతి వేరు. అక్కడ వైఫైలో రౌటర్ పింగే 40, 60 అంటూ ఊగుతోంది, శ్లాబు అడ్డం, 2.4 గిగాహెర్ట్జ్‌లో చుట్టుపక్కల ఇళ్ల రౌటర్లన్నీ అదే చానెల్ మీద. దాన్ని కేక్ ఏమీ చేయలేదు. మెట్ల పక్క పైపులోంచి ఒక లాన్ వైరు లాగి అబ్బాయి కంప్యూటర్‌కి నేరుగా పెట్టాం, అయిపోయింది. షేపర్‌నీ ఓఎన్‌టీనీ ఇన్వర్టర్ లైను మీదకి మార్చాం, మన దగ్గర ఇది చెప్పక్కర్లేని పని.

ఫైబర్ రాక 4జీ, 5జీ పెట్టెలతో నడిపే ఇళ్లయితే లైను వేగం గంటగంటకీ మారుతుంది, ఒక అంకె పెట్టి వదిలేస్తే కుదరదు. అలాంటివాటికి కేక్ ఆటోరేట్ అనే స్క్రిప్ట్ ఉంది, పింగ్ చూసుకుంటూ అంకెని అదే మారుస్తుంది. లంక గ్రామాల వైపు అడిగేవాళ్లకి నేను దానితోనే మొదలుపెడతాను.

ఈ ఇంట్లో చివరిగా చేసింది, ఎస్‌క్యూఎం పేజీ ఎక్కడుందో అబ్బాయికి చూపించడం. రేపు ఆపరేటర్ అప్‌లోడ్ పెంచినా, వీళ్లు 200 ప్లాన్ తీసుకున్నా ఆ రెండు అంకెలు మార్చకపోతే లైను 75 దగ్గరే ఆగిపోతుంది. ప్లాన్ మారిన రోజు ఎస్‌క్యూఎం ఆపి, రాత్రి ఎనిమిదింటికి కొలిచి, డౌన్‌లోడ్‌కి వచ్చినదాంట్లో 80 నుంచి 85 శాతం, అప్‌లోడ్‌కి 90 శాతం దగ్గర మొదలుపెట్టి, పింగ్ ఎగిరేదాకా పెంచుకుంటూ పోయి ఒక మెట్టు వెనక్కి రావాలి. కొత్త కెమెరా పెడితే దాని ఐపీ రూల్లో చేర్చాలి, వైరు ఓఎన్‌టీలో కాకుండా షేపర్లో పెట్టించాలి.